మంచు చేపలూ, దాహం మరిచిన మా బావా

మంచు సముద్రంలో బతికే చేపల కబురు నాకు మొదట తెచ్చింది నేను పనిచేసే ఇంటి చిన్నమ్మాయి. ఆమె మస్కట్ యూనివర్సిటీలో సముద్ర జీవుల గురించి చదువుతోంది. వారమంతా అక్కడే హాస్టల్లో ఉండి గురువారం సాయంత్రానికి ఇల్లున్న ఊరు ఖురియాత్ వచ్చేస్తుంది. రాగానే బ్యాగు సోఫాలో పడేసి, చెప్పులు తలుపు దగ్గర ఒకటీ మెట్ల దగ్గర ఒకటీ వదిలేసి, వాళ్ళమ్మ కన్నా ముందు నన్ను వెతుక్కుంటూ వంటింట్లోకి వస్తుంది. నా మీద ప్రేమ కాదు, ఆకలి అంటుంది వాళ్ళమ్మ. అదీ నిజమే.

నన్ను ఖాలా అని పిలుస్తుంది, అంటే పిన్ని. నేను బేటీ అంటాను. మా మాటలు సగం హిందీ, సగం అరబ్బీ, మధ్య మధ్య ఇంగ్లీషు. వాటిని ఇక్కడ తెలుగులోకి దించుకుని రాస్తున్నాను. రాయడం నాకు బళ్ళో రాలేదు. గోదావరి పక్కన మా ఊళ్ళో, మా అమ్మ పొయ్యి ముందు కూర్చోబెట్టి బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించింది. అన్నం ఉడికేలోపు ఒక గుణింతం. ఇప్పటికీ ఏదైనా రాస్తుంటే నాకు గంజి వాసన వస్తుంది. ఆ చదువు ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకోని రోజు లేదు.

ఆ గురువారం నేను మగవాళ్ళ దిష్‌దాషాలు ఇస్త్రీ చేస్తున్నాను. పాదాల దాకా దిగే ఆ తెల్లటి చొక్కాలకి ఎక్కడైనా ఒక్క ముడత మిగిలిందా, పెద్దాయన మొహం మాడిపోతుంది. చిన్నమ్మాయి బల్ల అంచున ఎక్కి కూర్చుని ఖర్జూరం నములుతూ అడిగింది.

"ఖాలా, ఎర్ర నెత్తురు లేని చేపని ఎప్పుడైనా చూశావా?"

"మీ ఇంట్లో నేను కొయ్యని చేప లేదు. అలాంటిది మాత్రం నా కత్తి కింద పడలేదు."

"ఆదివారం క్లాసులో దాని గురించి మాట్లాడాలి. ముందు నీకు చెప్తాను. నీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే."

"అంటే నేను అంత మొద్దునా?"

"కాదు. అర్థం కాకపోతే మొహమాటానికి తల ఊపవు కదా, అందుకు."

ఫోన్ నా ముందు పెట్టింది. నీలం నీళ్ళు. పైన మంచు కప్పు, దానిలోంచి దిగుతున్న పాల వెలుగు. అడుగున ఒక చేప కదలకుండా పడుకుని ఉంది. పొడుగు మూతి, పెద్ద కళ్ళు, ఒళ్ళంతా గాజులా ఉంది. మొప్పలు కూడా ఎర్రగా లేవు, మీగడ రంగులో ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అలాగే చూస్తుండిపోయాను. ఎవరో నిద్రలో కన్న కలని బయటికి తీసి చూపిస్తున్నట్టు ఉంది.

అది భూమికి దక్షిణపు కొసన ఉన్న సముద్రమట. మామూలు నీరు గడ్డకట్టే చలి కన్నా ఇంకాస్త చల్లగా ఉంటుందట, ఉప్పు ఉండబట్టి నీరుగా నిలిచిందట. మన చేపని తీసుకెళ్ళి అందులో వేస్తే ఒంట్లో నెత్తురే గడ్డకడుతుంది. ఆ చేపల నెత్తుట్లో మాత్రం ఒక పదార్థం తిరుగుతూ ఉంటుంది. మంచు రవ్వ ఒంట్లోకి చొరబడగానే దాన్ని అంటిపెట్టుకుని పెరగనివ్వదు.

"అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా ఖాలా? వాటి పూర్వీకులకి తిండి అరిగించే రసం తయారుచేసే జన్యువు ఒకటి ఉండేది. అందులోంచి ఒక చిన్న ముక్క విడివడి, మళ్ళీ మళ్ళీ నకలై, లక్షల ఏళ్ళలో ఇలా మారింది. సముద్రం చల్లబడుతున్నప్పుడు అది ఉన్న చేపలు మిగిలాయి, లేనివి పోయాయి."

"పాత చీర చింపి పొత్తిళ్ళు కుట్టుకున్నట్టన్నమాట."

"అలాగే అనుకో. కానీ ఎవరూ కూర్చుని కుట్టలేదు."

ఆ మాట దగ్గర నేనూ ఆమే వాదించుకోం. లక్షల ఏళ్ళు అని ఆమె అంటుంటే నాకు దేవుడి ఓపిక కనిపిస్తుంది. అంత నిదానంగా పనిచేసేవాడు నా చిన్న ప్రార్థనకి తొందరపడలేదని నేనెందుకు నిష్ఠూరమాడాలి?

చల్లటి నీళ్ళలో ప్రాణవాయువు బాగా కరిగి ఉంటుంది గనక కొన్ని రకాల చేపలకి నెత్తుట్లో ఎరుపు పోయినా రోజులు గడిచిపోయాయట. ఎరుపు లేని లోటు తీర్చడానికి గుండె పెద్దదైంది, నాళాలు వెడల్పయ్యాయి. ఇంకొక మాట చెప్పింది, అది నన్ను ఇప్పటికీ వదలదు. ఒంట్లో చేరిన మంచు రవ్వల్ని పెరగనివ్వని ఆ పదార్థమే వాటిని తొందరగా కరగనివ్వదు కూడానట. అక్కడి వేసవిలో నీళ్ళ చలి కాస్త తగ్గినా లోపలి మంచు లోపలే ఉండిపోతుందట.

ఆ మాటకి నా మనసు మా బావ మీదికి పోయింది.

మా బావ అంటే మా మేనత్త కొడుకు, నా పెనిమిటి. నాకన్నా ముందే ఒమన్ వచ్చాడు. ఖురియాత్ హార్బర్ దగ్గర ఒక చేపల కంపెనీలో కోల్డ్ స్టోర్ డ్యూటీ. నేను ఇక్కడ ఇంటి పనికి కుదిరిందీ ఆయన ఉన్న ఊరనే. నేను ఉండేది ఈ ఇంట్లో, ఆయన ఉండేది కంపెనీ రూమ్‌లో. శుక్రవారం మధ్యాహ్నం కలుసుకుంటాం. ఇన్నేళ్ళలో మా బావ ఎండ ముఖం చూసింది తక్కువ. తెల్లారకుండా కంపెనీ బస్సు, పగలంతా ఫ్రీజర్ గది, పొద్దుగుంకాక ఏసీ రూమ్. ఒమన్ వేసవి ఎలా ఉంటుందో, బస్సు దిగి గేటు దాకా నడిచే ఆ కాస్త మేర తప్ప, ఆయన ఒంటికి తెలియదు.

ఆ వారమే కంపెనీ వాళ్ళు పాత ఫ్రీజర్ గది మూసేశారు. అందులోని మనుషుల్ని హార్బర్ మీదికి మార్చారు. శనివారం నుంచి మా బావ ఆరుబయట, పడవల దగ్గర చేపల తొట్లు దించి లారీకి ఎక్కించాలి. మే నెల. కిందటి వేసవిలో వేరే కంపెనీలో అలాగే లోపలి నుంచి బయటికి మారిన మనిషి ఒకడు మధ్యాహ్నం పడిపోయి మరి లేవలేదని రూమ్‌లో చెప్పుకున్నారట. మా బావ ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు.

"బేటీ, ఆ చేపకి వేడి తగిలితే ఏమవుతుంది?" అని అడిగాను.

ఆమె బల్ల దిగి, నేను అప్పుడే ఇస్త్రీ చేసిన దిష్‌దాషా చెయ్యి గుప్పిట్లో పట్టి నలిపేసింది.

"అయ్యో అయ్యో, మీ నాన్నది!"

"ఇదిగో, ఇలా అవుతుంది. ఒంట్లో పనులన్నీ చేసేవి మాంసకృత్తులు. సరిగ్గా మడతపడి ఉంటేనే అవి పనిచేస్తాయి. వేడికి నలిగిపోతాయి. మామూలు జీవులకైతే వేడి తగలగానే ఒంట్లో పిలుపు వెళ్తుంది. నీలాంటివాళ్ళు బోలెడుమంది పరుగెత్తుకొచ్చి మళ్ళీ మడతలు పెడతారు. ఈ చేపల్లో చాలావాటికి ఆ పిలుపు పోయింది. చలిలో కూడా మడతలు సరిగ్గా పడవు కాబట్టి కొందరు ఎప్పుడూ పనిలోనే ఉంటారు. వేడి వస్తే మాత్రం అదనంగా ఒక్కరూ రారు."

"ఇంటికి చుట్టాలు దిగినా పనిమనిషిని నేనొక్కదాన్నే అన్నట్టు."

"అంతే. అన్ని లక్షల ఏళ్ళలో ఆ పిలుపుతో పనే పడలేదు, అందుకే పోయింది. ఇప్పుడు సముద్రాలు వేడెక్కుతున్నాయి. మన చేతికి వెచ్చదనం తెలియనంత పెరిగినా చాలు, ఆ చేప గుండె వేగం పెరుగుతుంది, మొప్పలు ఎగరేస్తుంది. ఇంకా పెరిగితే నిలబడలేక పక్కకి ఒరిగిపోతుంది. కొన్ని రకాల్ని వారాల తరబడి మెల్లగా వెచ్చబెడితే కొంత అలవాటు పడ్డాయి. అన్నీ కాదు."

నేను ఆ చొక్కా చెయ్యి మళ్ళీ ఇస్త్రీ చేస్తూ మా బావ సంగతి చెప్పాను. ఆమె ఖర్జూరం నమలడం ఆపేసింది.

"మనిషి ఆ చేప కాదు ఖాలా. ఏళ్ళ తరబడి చలిలో ఉంటే మనిషి ఒళ్ళు వేడిని మర్చిపోతుంది, అంతే. పోగొట్టుకోదు. కానీ గుర్తు చెయ్యాలి. మొదటి రోజు కాసేపు, తర్వాత ఇంకాస్త, అలా కొన్ని వారాలు. నీళ్ళు మాత్రం ఆపకూడదు. దాహం వేసినా వెయ్యకపోయినా."

ఆ చివరి మాటకే నేను ఇస్త్రీ ఆపేశాను. ఎందుకంటే ఫ్రీజర్ గది మనుషులు డ్యూటీలో నీళ్ళు తాగరు. అది వాళ్ళలో ఎవరూ ఎవరికీ చెప్పని పద్ధతి. ఒక్కసారి బాత్రూమ్‌కి పోవాలంటే రెండు జతల గ్లౌజులు, జాకెట్టు, లోపల ఇంకో జాకెట్టు, ప్యాంటు మీద ప్యాంటు, అన్నీ విప్పాలి. మళ్ళీ తొడుక్కునేసరికి ఒళ్ళు వణుకుతుంది, పక్కవాడు గొణుగుతాడు. పైగా చలిలో దాహమే అనిపించదు. అందుకని పొద్దున్న నుంచి గొంతు తడుపుకోకుండా ఉండటం నేర్చుకుంటారు. కొత్తగా చేరినవాడు సీసా పట్టుకొస్తే నవ్వుతారు. మా బావ అందులో ఆరితేరినవాడు.

మరునాడు శుక్రవారం హార్బర్ పక్కన టీ కొట్టు నీడలో కలుసుకున్నాం. సముద్రం మీద తెల్లటి ఆవిరి లేచి, పడవలు నీళ్ళకి అంటకుండా గాలిలో నిలబడ్డట్టు కనిపిస్తున్నాయి.

"ఏటే, మొహం అలా ఎట్టేవు?" అన్నాడు.

"బావా, రేపట్నుంచి నువ్వు నీళ్ళు తాగాలి."

"ఇదేం చోద్యమే. ఇప్పుడు తాగట్లేదా?"

"తాగుతున్నావా? నిజం చెప్పు."

"టీ తాగుతున్నాను గదా."

చేపల కథంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆవలించాడు కానీ ఎర్ర నెత్తురు లేదన్న దగ్గర కళ్ళు పెద్దవి చేశాడు. అంతా విని చెయ్యి నా ముందుకి చాపాడు.

"అయితే నన్ను కూడా చేపని చేసేసేవన్నమాట. కొయ్యి మరి, ఏ రంగొత్తాదో చూద్దాం."

"కొయ్యక్కర్లేదు. నీ మొహం చూత్తేనే తెలుత్తోంది. ఫ్రిజ్‌లో మర్చిపోయిన ఇడ్లీలా ఉన్నావు."

టీ కొట్టతనికి తెలుగు రాదు, అయినా మా నవ్వు చూసి తనూ నవ్వాడు. పోతూ పోతూ నేను నింపి తెచ్చిన పెద్ద సీసా మా బావ చేతిలో పెట్టాను. అలాగేలే, తాగుతాలే అన్నాడు. ఆయన అలాగేలే అన్నాడంటే అర్థం ఏమిటో పెళ్ళయిన ఏడాదికే నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాతి రోజులు నాకు సగం మెలకువగా గడిచాయి. మధ్యాహ్నం భోజనాలు కాగానే ఇల్లంతా పడుకుంటుంది. కిటికీలకి మందపాటి తెరలు, ఏసీ హోరు, తెర సందులోంచి నేల మీద పడే ఒక్క ఎండ చీలిక. నా గదిలో చాప మీద ఒరిగితే ఆ హోరు నీళ్ళ హోరైపోయేది. పైన మంచు కప్పు, దాని కింద పాల వెలుగు, ఆ వెలుగులో కళ్ళు తెరుచుకుని పడుకున్న గాజు చేపలు. వాటి కడుపులో కరగని మంచు రవ్వలు అన్నం మెతుకుల్లా మెరిసేవి. ఎక్కడి నుంచో ఒక వెచ్చటి పాయ మెల్లగా వాటి వైపు వస్తూ ఉండేది. అరుద్దామంటే నోట్లోంచి బుడగలే వచ్చేవి. మసీదు నుంచి అసర్ నమాజు పిలుపు వినబడి లేచేదాన్ని. వాళ్ళ ప్రార్థన వేళకి నేనూ నా దేవుడి ముందు తల వంచుకునేదాన్ని. ఆ పిలుపు వాళ్ళని పిలిచినా నన్నూ లేపుతుంది, అందుకు వందనాలు.

రోజూ ఫోన్ చేసేదాన్ని. "నీళ్ళు తాగేవా?" "తాగేనే తల్లీ." గొంతు పొడిగా ఉండేది.

వారం మధ్యలో ఒక పొద్దున్న బియ్యం నానబోస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"చెల్లె, నేను హార్బర్ కాడ ఫోర్‌మన్‌ను మాట్లాడుతున్న. మాది హైదరాబాద్. నీ మనిషి పడ్డడు. పరేషాన్ గాకు. మంచుల వెట్టినం."

మా ఊళ్ళో మంచులో పెట్టేది శవాన్ని. ఎవరైనా దూరం నుంచి రావాల్సి ఉంటే అలా పెడతారు. చేతిలోని గిన్నె జారి బియ్యం నీళ్ళు చీరంతా తడిపేశాయి. గిన్నె పడ్డ చప్పుడుకి ఆయనకి అర్థమైనట్టుంది.

"అరే, ఏమనుకుంటున్నవ్? బతికున్నడమ్మా! మంచినీళ్ళ లెక్క తిడుతుండు నన్ను. ఇగో, విను."

ఫోన్‌లో నీళ్ళ చప్పుడు, మంచు గడ్డలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. వాటి వెనక మా బావ గొంతు, తాగినవాడిలా ముద్దగా వినిపించింది. "నా జాకెట్టేదిరా... జాకెట్టు లేకుండా లోపలికి తోసేసేరేంట్రా..."

దేవుడా, ఆ తిట్ల కన్నా తియ్యని మాట నేను వినలేదు.

ఇంటి యజమానురాలు పొయ్యి ఆపి కారు తాళాలు తీసుకుంది. తడిసిన చీరతోనే నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుంది. దారి పొడవునా రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు ఎండ మెరుస్తోంది, దగ్గరికి పోతే ఏమీ ఉండదు. ఆమె ఆమె భాషలో, నేను నా భాషలో, ఇద్దరం గొణుక్కుంటూనే వెళ్ళాం. ఆస్పత్రిలో మా బావ పడుకుని ఉన్నాడు. చేతికి సెలైన్, పెదాలు పగిలి ఉన్నాయి. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"సీసా నిండుగానే ఉందే," అన్నాడు, నేను అడగకముందే.

వేడి మెదడుకి ఎక్కిందనీ, వెంటనే చల్లబరచడం వల్లే మనిషి దక్కాడనీ, అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే నీడలో పడుకోబెట్టి ఉంటే చెప్పలేమనీ డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం చిన్నమ్మాయి మస్కట్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. నేనే ఆమెను ఊరుకోబెట్టాను. మా బావ మాత్రం తనని ముంచిన మంచు నీళ్ళ తొట్లో ఏమైందో కల చెప్పినట్టు చెప్పాడు.

"ఫ్రీజర్ గదిలోనే ఉన్నాననుకున్నానే. అంతా నీలంగా ఉంది. హాయిగా ఉంది. దేవుడు పిలిచాడేమో అనుకుని కళ్ళు తెరిత్తే ఎదురుగా ఫోర్‌మన్ గడ్డం!"

జరిగిందేమిటో తర్వాత మా బావ రూమ్‌లో ఉండే అతను చెప్పాడు. పడవ పక్కన మా బావ తూలి పడేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోందట, చెమట చుక్క లేదట. అందరూ చుట్టూ చేరి ఎవరికి ఫోన్ చెయ్యాలా అని మాట్లాడుకుంటుంటే ఫోర్‌మన్ వచ్చాడు. లారీకి ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న పెద్ద తొట్టిని ఒక్క తోపుతో ఒరిగించి అందులోని వంజరం చేపలన్నీ కాలే సిమెంటు మీద పోసేశాడు. అందులో మంచూ సముద్రపు నీళ్ళూ నింపించి మా బావని మెడ దాకా దించాడు. తల మునగకుండా తన చెయ్యి మెడ కింద పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా తియ్యలేదు. తీసేసరికి ఆ చెయ్యి తెల్లగా, కట్టెలా అయిపోయిందట.

మా బావ మళ్ళీ డ్యూటీకి పోయినప్పుడు ఫోర్‌మన్ ఆయన్ని ఒక్కసారిగా ఎండలో పెట్టనివ్వలేదు. తెల్లవారుజామున కాసేపు పని, తర్వాత నీడలో వల సర్దడం. రోజుకి ఇంకాస్త. సీసా పట్టుకుని ఎదురుగా నిలబడేవాడట. "తాగు భాయ్. నా ముంగటనే తాగు. నీ పెండ్లాం నన్ను పరేషాన్ చేస్తది." ఆయ్ అలాగేనండి అని మా బావ తాగేవాడు. కొన్ని వారాలకి మా బావ చొక్కాలు చెమటతో కంపు కొట్టడం మొదలైంది. పొద్దు పొడవకముందే ఒళ్ళు తడిసిపోతోందని ఆయన విసుక్కుంటే, ఆ మాట చిన్నమ్మాయికి చెప్పాను.

"అదే ఖాలా! ఒంటికి గుర్తొచ్చింది," అని వంటింట్లో గంతులేసింది.

ఆ శుక్రవారం ఆ చొక్కాలు నేనే తెచ్చి ఉతికాను. బకెట్లో ముంచుతూ ఒక్కో చొక్కాకీ స్తోత్రం చెప్పాను. చెమటకి కూడా కృతజ్ఞత చెప్పుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

వేసవి ముగిసేలోపు ఫోర్‌మన్ ఇండియా వెళ్ళిపోయాడు. వీసా మళ్ళీ పొడిగించలేదట. ఆ రోజు సిమెంటు మీద పాడైపోయిన వంజరాలకి ఆఫీసులో ఆయనొక్కడే నిలబడి జవాబు చెప్పుకున్నాడని రూమ్‌లో అన్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. వెళ్ళే ముందు మా బావ ఆ మాటే అడిగాడు.

"చేపలు రేపు గూడ వస్తయ్ భాయ్," అని నవ్వి బస్సెక్కాడట.

ఆయన్ని నేను ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. ఆయన ఆస్పత్రికి వచ్చినప్పుడు నేను మందుల కోసం కిందికి వెళ్ళాను. ఇండియా వెళ్ళిపోయాక ఫోన్ చేస్తే ఆ నంబరు పలకడం లేదు. హైదరాబాదులో ఎక్కడ ఉన్నాడో, ఏం పని చేసుకుంటున్నాడో, ఇంట్లో ఎవరెవరున్నారో ఏమీ తెలియదు. నేను చేయగలిగింది ఒకటే, రోజూ ఆయన కోసం నా దేవుడిని అడగడం. అడుగుతున్నాను. నా ఒక్కదాని గొంతు చాలదేమో అని ఇదంతా రాశాను. ఇది చదివినవాళ్ళు ఏ వేళ ప్రార్థన చేసుకున్నా, నమాజుకి నిలబడినా, దీపం పెట్టినా, ఖురియాత్ హార్బర్‌లో పనిచేసిన ఆ ఫోర్‌మన్‌ని ఒక్కసారి తలుచుకోండి. పేరు చెప్పకపోయినా పరవాలేదు. వినేవాడికి ఆయన తెలుసు.